పీజీలకు డీహైడ్రేషన్ మీద గంట క్లాసు: ఏం ఉంచాలి, ఏం తీసేయాలి?

కొత్తపాఠం:
ఎం.డి. పీడియాట్రిక్స్ పీజీలకు వచ్చే వారం విరేచనాలు, డీహైడ్రేషన్ మీద థియరీ క్లాసు ఉంది. మూడేళ్ల బ్యాచ్‌లూ ఒకే హాల్లో కూర్చుంటాయి. టైము 60 నిమిషాలు. స్లైడ్లు ఇప్పటికే 70 దాటాయి. ఈ టాపిక్‌తో ఉన్న ఇబ్బంది అందరికీ తెలిసిందే: క్లాసులో అందరూ తలూపుతారు, రాత్రి డ్యూటీలో ప్లాన్ సి (తీవ్ర డీహైడ్రేషన్‌కి నరంలోకి ద్రవం ఎక్కించే పద్ధతి) ఆర్డర్ రాయమంటే తడబడతారు. వార్డులో పనికొచ్చేలా క్లాసు ఎలా కట్టాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పిల్లలవార్డు:
ముందు క్రిముల జాబితా, పాథోఫిజియాలజీ, టీకాల చరిత్ర తీసేయండి. అవి పుస్తకంలో చదువుకోగలరు. ఈ గంటలో పీజీకి రావాల్సినవి మూడే: బిడ్డ ఏ కేటగిరీనో తేల్చడం, ఎన్ని మి.లీ. అన్నది లెక్కకట్టడం, ఎంత సేపట్లో ఎక్కించాలో రాయడం. దానికి 15 స్లైడ్లు చాలు.

మొదటి పది నిమిషాలు లక్షణాల మీదే ఉండండి. మగత లేదా స్పృహ లేకపోవడం, కళ్లు లోతుకుపోవడం, తాగలేకపోవడం, చర్మం మడత వెనక్కి వెళ్లడానికి 2 సెకన్లు లేదా ఎక్కువ పట్టడం. వీటిలో రెండుంటే తీవ్ర డీహైడ్రేషన్. మడత ఎలా పట్టాలో చేతులతో చేసి చూపించండి: బొడ్డుకీ, పొట్ట పక్క అంచుకీ మధ్యలో, బొటనవేలు, చూపుడువేలితో, మడత నిలువుగా వచ్చేలా. వేళ్ల చివర్లతో గిల్లితే నొప్పికి బిడ్డ ఏడుస్తుంది, పొట్ట బిగుస్తుంది, ఇక మడత సరిగా తెలియదు. బాగా ఒళ్లున్న పిల్లల్లో నీరు తగ్గినా మడత త్వరగానే వెళ్లిపోతుందని కూడా చెప్పండి.

తర్వాత లెక్క. 9 నెలల బాబు, 8 కిలోలు, తీవ్ర డీహైడ్రేషన్ అని స్లైడ్ వేసి, మీరు మాట్లాడడం ఆపేయండి. రెండు నిమిషాలు టైమిచ్చి, ప్రతి ఒక్కరినీ కాగితం మీద ఆర్డర్ రాయమనండి. నోటితో అడిగితే ముందు వరుసలో ఇద్దరు చెప్తారు, మిగతావాళ్లు తమకూ వచ్చనుకుంటారు. జవాబు: రింగర్ లాక్టేట్ (నరంలోకి ఎక్కించే ఒక రకం సెలైన్) కేజీకి 30 మి.లీ. చొప్పున 240 మి.లీ. ఒక గంటలో, ఆపైన కేజీకి 70 చొప్పున 560 మి.లీ. 5 గంటల్లో.

వెంటనే వయసొక్కటే మార్చి 14 నెలలు చేయండి. మి.లీ. మారవు. టైము మారుతుంది: 240 అరగంటలో, 560 రెండున్నర గంటల్లో. ఈ రెండో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది పాత టైమే రాసేస్తారు. ఏడాది వయసు గీత అప్పుడు బుర్రకెక్కుతుంది, టేబుల్ చూపిస్తే ఎక్కదు.

చుక్కలలెక్క:
పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను, ఎందుకంటే ఆర్డర్ సరిగ్గా రాసినా వార్డులో తప్పేది ఇక్కడే. గంటకి 240 మి.లీ. అని రాసి మైక్రోడ్రిప్ సెట్ (మి.లీ.కి 60 చిన్న చుక్కలు పడేది) తగిలిస్తే నిమిషానికి 240 చుక్కలు పడాలి. అది ధారే, లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు. సిస్టర్ అందాజాగా వదులుతారు, గంటలో 100 మి.లీ. వెళ్లిందో 300 వెళ్లిందో తెలియదు. మి.లీ.కి 20 చుక్కల మాక్రో సెట్ అయితే నిమిషానికి 80. రెండో దశలో గంటకి 112 మి.లీ., అంటే సుమారు 37 చుక్కలు. సెట్ కవర్ మీద మి.లీ.కి ఎన్ని చుక్కలో అచ్చువేసి ఉంటుంది, అది చదివించండి. కొన్ని 15 చుక్కల సెట్లుంటాయి. వాటికి 80 పెడితే గంటకి 320 మి.లీ. పోతుంది.

హాల్లోకి రెండు రకాల సెట్లూ తెచ్చి వరుసల్లో తిప్పండి. బ్యూరెట్ సెట్ (మధ్యలో 100 మి.లీ. కొలత గొట్టం ఉండేది) వాడే వార్డయితే, 100 మి.లీ. అయిపోయాక ఎవరు నింపుతారన్నది కూడా ఆర్డర్‌లోనే ఉండాలి. ఖాళీ బ్యూరెట్ అరగంట వేలాడితే లెక్కంతా పోయినట్టే.

పిల్లలవార్డు:
నిజమే, ఇది చాలా ముఖ్యం. కేస్ షీట్‌లో ప్రతి 15–30 నిమిషాలకి నాడి చూసి రాయాలన్నదీ అక్కడే చెప్పండి. కేజీకి 30 మి.లీ. మొదటి దశ అయ్యాక కూడా మణికట్టు నాడి అందకపోయినా, చాలా బలహీనంగా ఉన్నా అదే మోతాదు ఇంకోసారి. సూది పెట్టడానికి నరం దొరక్కపోతే ముక్కు గొట్టంతో ఓఆర్ఎస్ కేజీకి గంటకి 20 మి.లీ., 6 గంటలు. సూది కోసం గంటసేపు పొడుస్తూ కూర్చోకూడదు.

కొత్తపాఠం:
చాలా ఉపయోగం. ఇంకో రెండు సందేహాలు. మూడో ఏడాదివాళ్లకి ఇవన్నీ తెలుసు, విసుగొస్తుందేమో? తీవ్ర పోషకాహార లోపం, హైపర్‌నట్రీమియా (రక్తంలో సోడియం ఎక్కువవడం) ఇందులో కలపాలా?

రాత్రిడ్యూటీ:
హైపర్‌నట్రీమియా వద్దు, దానికి విడిగా గంట కావాలి. పోషకాహార లోపం మాత్రం తప్పనిసరి, ఎందుకంటే ప్లాన్ సి బాగా వచ్చినవాడే ఆ బిడ్డకి ప్రమాదం తెస్తాడు. సీనియర్లకి పని కూడా అక్కడే దొరుకుతుంది. అదే 14 నెలల బిడ్డని 6 కిలోలు, జబ్బ చుట్టుకొలత 11 సెం.మీ. చేసి వాళ్లని రాయమనండి. కొవ్వు కరిగిపోయిన ఒంట్లో చర్మం మడత, లోతు కళ్లు నమ్మలేం. షాక్ లేకపోతే సెలైన్ జోలికే పోకూడదు. ఆ పిల్లలకి వాడే ఓఆర్ఎస్ నోటితోగానీ గొట్టంతోగానీ మొదటి 2 గంటలు ప్రతి అరగంటకి కేజీకి 5 మి.లీ., అంటే 30 మి.లీ. మగతగా ఉండి, చేతులు చల్లబడి, కేపిల్లరీ రీఫిల్ (గోరు నొక్కి వదిలాక రంగు తిరిగి రావడం) 3 సెకన్లు దాటినా, నాడి వేగంగా బలహీనంగా ఉన్నా అప్పుడే ఐవీ: కేజీకి 15 చొప్పున 90 మి.లీ. గంటలో, డెక్స్‌ట్రోజ్ కలిపిన ఫ్లూయిడ్‌తో. ఊపిరి, నాడి రెండూ పెరుగుతుంటే ఆపేయాలి. మామూలు ప్లాన్ సి వేస్తే ఇదే బిడ్డకి అరగంటలో 180 మి.లీ. వెళ్తుంది. ఆ రెండు అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాయండి.

చివరి ఐదు నిమిషాలు తల్లికి ఏం చెప్పాలో. 20.5 గ్రాముల ప్యాకెట్ లీటరు నీళ్లకి, ఒక గ్లాసుకి కాదు. చిన్న ప్యాకెట్ 200 మి.లీ.కి. ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తీపి జ్యూస్ డబ్బాల సంగతీ చెప్పించాలి: 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) అలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడొద్దని ఆదేశించినా, ఇళ్లలో ఆ అలవాటు ఒక్కసారిగా పోదు.

క్లాసు అయ్యాక ఎంసీక్యూ పెట్టే బదులు, వారం తర్వాత వార్డులో విరేచనాల కేస్ షీట్లు తీయండి. బరువు, మి.లీ., టైము, సెట్ రకం, మళ్లీ చూసిన వేళ. ఈ ఐదింటిలో ఏది ఖాళీగా ఉందో చూస్తే తర్వాతి క్లాసులో ఏం చెప్పాలో తెలుస్తుంది.