ప్లాన్ వేసుకున్నాడంటే మతి ఉన్నట్టేనా? డ్రగ్స్ కేసుల్లో మరణశిక్ష మీద ఒక సందేహం

సరళరేఖ:

తెలిసినవాళ్ళు ఎవరైనా విడమరిచి చెప్తారని అడుగుతున్నాను.

మా తమ్ముడికి బైపోలార్ డిజార్డర్. పదకొండేళ్ళుగా మందులు వాడుతున్నాడు. మధ్యలో ఒకసారి "నాకు నయమైపోయింది" అని మానేశాడు. ఆ తర్వాతి మూడు వారాలు మా ఇంట్లో ఎవరం మర్చిపోలేం. రోజుకి రెండు గంటలు పడుకుంటే గొప్ప. ఫోన్‌లో పరిచయమైన ఒకాయన తన కంపెనీకి డైరెక్టర్‌ని చేస్తానన్నాడట, వీడు నమ్మేశాడు. ఇక్కడిదాకా వింటే జబ్బు అని ఎవరికైనా తెలిసిపోతుంది.

కానీ తర్వాత వాడు చేసినవి చూడండి. టికెట్ సొంతంగా బుక్ చేసుకున్నాడు. మేం చూస్తే ఆపుతామని బ్యాగు ముందు రోజే స్నేహితుడి రూములో దాచాడు. నాతో ఆఫీసు పని అన్నాడు. నేను నమ్మకపోతే చూపించడానికి ఆఫీసు నుంచి వచ్చినట్టు ఒక మెయిల్ కూడా తయారుచేసి పెట్టుకున్నాడు! వారం తర్వాత ఉన్న డబ్బంతా పోగొట్టుకుని, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా తిరిగొచ్చాడు.

ఆ మోసగాడికి కావలసింది డబ్బు కాబట్టి డబ్బుతో పోయింది. వాడికి కావలసింది పెట్టె మోసేవాడైతే?

అక్మల్ షేక్ అనే బ్రిటిష్ పౌరుడి గురించి చదివినప్పటి నుంచి నాకు ఇదే టెన్షన్. 2007లో తజికిస్తాన్ నుంచి చైనాలోని ఉరుంచీలో విమానం దిగాడు. పెట్టెలో దాదాపు 4 కిలోల హెరాయిన్. తనని పాప్ సింగర్‌ని చేస్తామన్నవాళ్ళు ఇచ్చిన పెట్టె అని చెప్పాడు. తన పాటతో ప్రపంచంలో శాంతి వస్తుందని నమ్మిన మనిషి. చైనాలో హెరాయిన్ 50 గ్రాములు దాటితే మరణశిక్ష దాకా వెళ్ళొచ్చు. మానసిక వైద్యులతో పరీక్ష చేయించమని ఎంత అడిగినా కోర్టులు ఒప్పుకోలేదు. జబ్బుందని చూపించడానికి బయటివాళ్ళు ఇచ్చిన కాగితాలు చాలవన్నాయి. 2009 డిసెంబరు 29న విషపు ఇంజెక్షన్‌తో చంపేశారు.

నేను అడిగేది ఒకటే. టికెట్ కొనగలిగాడు, దాచగలిగాడు, అబద్ధం ఆడగలిగాడు కాబట్టి మతి బాగానే ఉందని చట్టం అంటుందా? మా వాడు ఆ మూడు వారాల్లో మా అందరికంటే చురుగ్గా ఉన్నాడు. జబ్బే ఆ చురుకు.

పాత_ప్లీడరు:

అమ్మా, క్రిమినల్ సైడు ముప్పై ఏళ్ళు చేసి ఈమధ్యే కోటు విప్పేశాను. మీ ప్రశ్నకి జవాబు చెప్పగలను గానీ అది మీకు నచ్చదు.

జబ్బుందా లేదా అన్నది కోర్టుకి సగం ప్రశ్నే. ఆ జబ్బు ఆ రోజు, ఆ పని చేసేటప్పుడు, ఆ మనిషిని ఎంత పట్టేసిందన్నదే అసలు లెక్క. పాత కొలత 1843 నాటిది. ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శిని కాల్చి చంపిన మెక్‌నాటెన్ కేసు నుంచి వచ్చింది. చేస్తున్న పనేమిటో తెలియని స్థితి ఉండాలి, లేదా అది తప్పని తెలియని స్థితి ఉండాలి. మన పాత శిక్షాస్మృతి ఐపీసీలో 84వ సెక్షను దాని బిడ్డే, ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో (బీఎన్ఎస్) 22వ సెక్షను. ఈ కొలత పెడితే మీ తమ్ముడు గట్టెక్కడు. అక్కకి తెలియకుండా దాచాడంటేనే తప్పని తెలుసు కదా అంటుంది ప్రాసిక్యూషన్. ఆ దొంగ మెయిల్ ఒక్కటి చాలు వాళ్ళకి.

ఈ గొడవంతా బాగా కనిపించేది సింగపూర్‌లో. అక్కడ 1975 నుంచి 15 గ్రాములు దాటిన హెరాయిన్ రవాణాకి ఉరి తప్పనిసరి. ఆ 15 గ్రాములు పొడి మొత్తం బరువు కాదు, అందులో ఉన్న అసలు మత్తుమందు బరువు. చాలామంది ఇక్కడే పొరబడతారు. 2 గ్రాములు దాటితే అమ్మడానికే తెచ్చావని చట్టం అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది పట్టుబడ్డవాడే. 2013 జనవరి నుంచి రెండు తలుపులు తెరిచారు. రెండింటికీ ముందు షరతు ఏమిటంటే, నువ్వు మోసినవాడివే తప్ప వ్యాపారంలో ఇంకే పాత్రా లేదని తేలాలి. ఆపైన మొదటి తలుపు: మాదకద్రవ్యాల అధికారులకి పనికొచ్చే సమాచారం ఇచ్చావని పబ్లిక్ ప్రాసిక్యూటర్ సర్టిఫికెట్ ఇస్తే, ఉరి బదులు యావజ్జీవం, కనీసం 15 బెత్తం దెబ్బలు వెయ్యొచ్చు. రెండో తలుపు: మనసులో ఉన్న లోపం వల్ల బాధ్యత గణనీయంగా తగ్గిపోయిందని నిరూపించుకుంటే యావజ్జీవం, దెబ్బలుండవు.

ఇప్పుడు రెండు అంకెలు చూడండి. యోంగ్ వుయ్ కాంగ్ అనే మలేషియా కుర్రాడు 2007లో పట్టుబడ్డాడు, 19 ఏళ్ళు, 47.27 గ్రాములు. నాగేంద్రన్ ధర్మలింగం కూడా మలేషియా వాడే. 2009లో వుడ్‌లాండ్స్ చెక్‌పోస్టు దగ్గర తొడకి కట్టుకున్న పొట్లంతో దొరికాడు, 42.72 గ్రాములు. ఎక్కువ మోసినవాడు సమాచారం ఇచ్చి, సర్టిఫికెట్ తెచ్చుకుని 2013లో ఉరి తప్పించుకున్నాడు. తక్కువ మోసినవాడికి సర్టిఫికెట్ రాలేదు. రెండో తలుపు తట్టాడు, తెరుచుకోలేదు. ఐక్యూ 69 వచ్చింది, అయినా అది మానసిక వైకల్యం కాదు, హద్దు మీద ఉన్న తెలివి అన్నారు. పొట్లం కట్టుకుని దాని మీద వదులు ప్యాంటు వేసుకున్నాడు, లాభనష్టాలు బేరీజు వేసుకునే చేశాడు అంది కోర్టు. 2022 ఏప్రిల్ 27న ఉరి తీశారు.

మీ ప్రశ్నకి జవాబు ఆ వదులు ప్యాంటే అమ్మా.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకొకటుంది. ముఠావాళ్ళు పొట్లం ఇచ్చేటప్పుడు తెలివైనవాడికి నాలుగు విషయాలు తెలుస్తాయి, అమాయకుడికి ఒక మారుపేరు తప్ప ఏమీ తెలియదు. కావాలనే తెలియనివ్వరు. అంటే ఏ తెలివితక్కువతనం వల్ల వాడు ఇందులో ఇరుక్కున్నాడో, దానివల్లే మొదటి తలుపూ మూసుకుపోతుంది. చెప్పడానికి వాడి దగ్గర ఏముంటుంది? రెండో తలుపు దగ్గరేమో "నువ్వంత తెలివితక్కువవాడివి కాదులే" అంటారు.

మన దేశం గురించి ఎవరో ఒకరు ఎలాగూ అడుగుతారు కాబట్టి చెప్పేస్తా. మన మాదకద్రవ్యాల చట్టం ఎన్డీపీఎస్‌లో 31ఏ సెక్షను కింద, పెద్ద మొత్తాలతో రెండోసారి దొరికినవాడికి ఒకప్పుడు ఉరి తప్పనిసరి. 2011లో బాంబే హైకోర్టు అది జడ్జి ఇష్టానికి వదలాలంది, 2014 సవరణలో చట్టమే మారింది. మలేషియా కూడా 2023లో తప్పనిసరి ఉరి తీసేసింది.

ఇంకోవైపు:

అందరూ మోసినవాడి గురించే మాట్లాడుతున్నారు. ఆ పొట్లం చేరాల్సిన చోటికి చేరితే ఏమయ్యేదో నేను చెప్తాను.

మా అక్క కొడుకు ఇరవై నాలుగేళ్ళకి పోయాడు. బాత్రూమ్ తలుపు పగలగొట్టింది నేనే. సూది ఇంకా చేతికే ఉంది. మా అక్క ఇప్పటికీ ఆ బాత్రూమ్ వాడదు. వాడికి ఆ పొడి ఎవరో ఒకరు మోసుకొచ్చే ఉంటారు కదా? ఆ మోసినవాడికి ఐక్యూ ఎంతో నాకు అనవసరం.

15 గ్రాముల హెరాయిన్ 180 మంది బానిసలకి వారం రోజులు సరిపోతుందని సింగపూర్ అధికారులు ప్రతి కేసులోనూ చెప్తారు. ఆ లెక్కన 42 గ్రాములంటే ఎంతమందో మీరే వేసుకోండి.

ఇంకోటి. జబ్బున్నవాడికి ఉరి లేదని రేపు చట్టం రాశారనుకోండి. ముఠావాళ్ళు ఏం చేస్తారు? వెతికి వెతికి జబ్బున్నవాళ్ళకే పెట్టె ఇస్తారు. మీ తమ్ముడి లాంటివాళ్ళకి గిరాకీ పెరుగుతుంది. కోపంగా రాస్తున్నానని తెలుసు, కానీ ఈ మాటకి ఎవరైనా జవాబు చెప్పండి.

కొలబద్ద:

నేను క్లినికల్ సైకాలజిస్టుని. ఐక్యూ పరీక్షలు చేసి రిపోర్టులు రాయడం నా రోజువారీ పని. ఉరి ఉండాలా వద్దా అన్నది పక్కన పెట్టి ఆ 69 గురించి మాత్రం చెప్తాను.

ఐక్యూ సగటు 100. 70 దగ్గర గీత ఎందుకంటే అది సగటుకి రెండు మెట్లు కింద, మెట్టుకి 15. అంతే, 69కీ 71కీ మధ్య ప్రకృతి గీసిన గోడేమీ లేదు. పరీక్షలోనే అటూ ఇటూ 5 పాయింట్ల తేడా మామూలు. నేను 69 అని రాస్తే దాని అర్థం "బహుశా 64కీ 74కీ మధ్య" అని. ఈ తేడాని లెక్కలోకి తీసుకోకుండా 70 దగ్గర గీత గీయడం కుదరదని అమెరికా సుప్రీంకోర్టు 2014లో ఫ్లోరిడా కేసులో చెప్పింది. అలాగని అంకె తక్కువైతే చాలు, వైకల్యం ఉన్నట్టే అనడం కూడా తప్పే. డబ్బు లెక్క చూసుకోగలడా, ఒక్కడే బతకగలడా, ఇతరులు వాడుకుంటుంటే పసిగట్టగలడా, ఇవన్నీ చూడాలి.

ఇక్కడే కోర్టుకీ మాకూ పొసగదు. పరీక్ష గదిలో నేనొక ముసలాయనకి నాలుగు బొమ్మలిచ్చి కథ క్రమంలో పేర్చమంటాను, పేరుస్తాడు. అదే మనిషి ఇంటికెళ్ళాక బ్యాంకు నుంచి ఫోన్ అని ఎవరో అంటే పిన్ నంబరు చెప్పేస్తాడు. మెట్లు వరుసగా ఎక్కగలగడం వేరు, ఈ మెట్లు ఎక్కడికి తీసుకెళ్తున్నాయో చూడగలగడం వేరు. వదులు ప్యాంటు వేసుకోవడం మొదటి రకం తెలివి. 42 గ్రాములకి ప్రాణం పోతుందని తూచుకోవడం రెండో రకం. మానియాలో, అంటే బైపోలార్‌లో వచ్చే ఆ అతి చురుకు దశలో ఉన్నవాళ్ళకి మొదటిది పెరుగుతుంది కూడా, రెండోది పడిపోతుంది. సరళరేఖగారూ, మీ తమ్ముడి మెయిల్ నాకు లక్షణంలా కనిపిస్తోంది. లాయరుగారికి సాక్ష్యంలా కనిపిస్తోంది. ఇద్దరం ఒకే కాగితాన్ని చూస్తున్నాం.

ఇంకో ఇబ్బంది కాలం. నాగేంద్రన్ పట్టుబడింది 2009లో, ఐక్యూ పరీక్ష చట్టం మారాక, 2013లో. నాలుగేళ్ళు జైల్లో, ఉరి నీడలో కూర్చున్న మనిషిని పరీక్షించి, సరిహద్దు దాటిన పూట అతని బుర్ర ఎలా ఉందో చెప్పమంటే నేనైతే సంతకం పెట్టడానికి వెనకాడతాను. ఉరి తప్పించుకోవడానికి నటించేవాళ్ళుంటారు, నిజమే. నటన పట్టుకునే పరీక్షలు మా దగ్గర ఉన్నాయి, అవి బాగానే పనిచేస్తాయి. పాత రోజుని తిరిగి తెచ్చే పరీక్ష మాత్రం లేదు.

ఇంకోవైపుగారూ, మీ మేనల్లుడి సంగతి చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ ప్రశ్న మాత్రం సరైనదే. నాకు తెలిసినంతలో జవాబు ఇది: వాళ్ళు ఇప్పటికే అలాంటివాళ్ళని వెతుక్కుంటున్నారు, శిక్ష ఎంతన్న లెక్కతో కాదు. పెట్టెలో ఏముందని అడగనివాడు కావాలి, అప్పులో ఉన్నవాడు కావాలి. పట్టుబడ్డాక వాణ్ణి ఉరి తీసినా, జైల్లో పెట్టినా పంపినవాడికి ఒకటే. మరొకణ్ణి వెతుక్కుంటాడు.

ఇంకోవైపు:

పంపినవాడికి ఒకటే అన్నది ఒప్పుకుంటా. మోయబోయేవాడికి ఒకటి కాదు. భయం అనేది ఒకటి ఉంటుంది.

కొలబద్ద:

భయపడగలిగేవాడికి ఉంటుందండీ. మనం మాట్లాడుతున్నది అది సరిగ్గా పనిచెయ్యని వాళ్ళ గురించి.

సరళరేఖ:

అందరికీ థాంక్స్. ఇంకోవైపుగారూ, మీ మీద నాకు కోపం లేదు. మా తమ్ముడు మోసిన పెట్టె మీ మేనల్లుడి దాకా వచ్చుంటే నేను మీ ముఖం ఎలా చూసేదాన్నో ఊహించుకున్నాను, చూడలేకపోయేదాన్ని.

ప్లీడరుగారూ, ఒక చిన్న సందేహం. అక్మల్ షేక్ విషయంలో కాగితాలు చాలవన్నారు కదా. మా వాడి కాగితాలు ఏవి దాచాలి? ఇన్నేళ్ళలో సగం పారేశాం.

పాత_ప్లీడరు:

తేదీ ఉన్నదేదీ పారెయ్యొద్దు. ఆస్పత్రిలో చేర్చినప్పటి డిశ్చార్జి సమ్మరీ, ప్రతి ప్రిస్క్రిప్షను, మందులు మానేసిన రోజుల్లో మీరు డాక్టరుకి పంపిన మెసేజీలు. కేసు వచ్చాక రాయించుకున్న సర్టిఫికెట్ విలువ నాకు తెలుసు, ముప్పై ఏళ్ళు నేనే వాటిని కోర్టులో చించి పోగులు పెట్టాను. కేసుకి ముందు రాసిన ఒక్క చీటీ దానికి పదింతలు. అన్నీ ఒక ఫైల్లో పెట్టి, నకలు ఇంకొకరి దగ్గర ఉంచండి.

సరళరేఖ:

అలాగేనండి. ఈ సంభాషణంతా మా తమ్ముడికి చదివి వినిపించాను, ఇప్పుడు బాగానే ఉన్నాడు. "ఆ రోజుల్లో ఆయన నీకో పెట్టె ఇచ్చి తీసుకెళ్ళమంటే తీసుకెళ్ళేవాడివా?" అని అడిగాను. వెంటనే తీసుకెళ్ళేవాణ్ణే అన్నాడు. తెరిచి చూసేవాడివా అంటే కాసేపు ఆలోచించాడు. "చూసేవాణ్ణి కాదక్కా. చూస్తే ఆయన్ని నమ్మనట్టే కదా, నమ్మనివాణ్ణి డైరెక్టర్‌ని ఎందుకు చేస్తాడు?" అన్నాడు.

ఇంకోవైపు:

ఈ మాట కోర్టులో ఎవరైనా చెప్తే నేను నమ్మేవాణ్ణా అని పొద్దున్నుంచి ఆలోచిస్తున్నా. నమ్మేవాణ్ణి కాదు. మీరు చెప్తే మాత్రం నమ్ముతున్నా. ఈ తేడా ఎందుకొచ్చిందో నాకు అర్థం కావడం లేదు.