కేటగిరీ తెరిస్తే వ్యాసం మొత్తం వచ్చి పడుతోంది, ఫోటో, రెండు లైన్లే రావాలంటే ఎట్లా?

పానగల్ ముచ్చట్లు: పొద్దున్నుంచి దీని మీదనే కూర్చున్నా, తల వేడెక్కిపోయింది. మా నల్లగొండ గుళ్ల మీద వర్డ్‌ప్రెస్‌లో సైట్ పెట్టిన. 'గుళ్లు' కేటగిరీ తెరిస్తే ఒక్కో వ్యాసం పూర్తిగా పరుచుకుంటోంది, ఛాయా సోమేశ్వరాలయం దాటి వాడపల్లి దాకా వచ్చేసరికి ఫోన్‌లో చదివేవాళ్లకు ఓపిక ఉంటదా? కేటగిరీ పేజీ ఎట్లా కనిపించాలో చెప్పే ఆర్కైవ్.పీహెచ్‌పీ ఫైల్ రాసి థీమ్ (సైట్ రూపం) ఫోల్డర్‌లో వేసిన. రీడింగ్ సెట్టింగ్స్‌లో ఎక్సర్ప్ట్ (వ్యాసం మొదటి ముక్క మాత్రమే) కూడా పెట్టిన. ఏం మారలే. ఎవరన్నా చెప్పండి.

మూసీ ఒడ్డు: క్యాష్ (ఫోన్ దాచుకున్న పాత కాపీ) క్లియర్ చెయ్యి.

పానగల్ ముచ్చట్లు: చేసిన అన్నా. వేరే ఫోన్‌లో చూసినా అంతే.

పాలమూరు సార్: ముందు లింకులు చక్కబెట్టుకోండి. స్లగ్, అంటే లింకు చివర వచ్చే వ్యాసం పేరు, తెలుగులో ఉంచుతున్నారా? అది దాచే చోటు 200 అక్షరాలే. తెలుగులో ఒక్కో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటి తొమ్మిదేసి తింటాయి. 'నల్లగొండ పానగల్ ఛాయా సోమేశ్వరాలయం' అని శీర్షిక పెడితే లింకు 'సోమ' దగ్గరే తెగుతుంది. వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తుల దండ కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా పెట్టుకోండి, ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు.

పానగల్ ముచ్చట్లు: సార్, లింకుల సంగతి తర్వాత చూస్తా. నా బాధ వేరే.

దేవరకొండ తమ్ముడు: థీమ్ ఏందో చెప్పకపోతే ఎట్లన్నా? అప్పియరెన్స్ కింద ఎడిటర్ ఉందా, కస్టమైజ్ ఉందా?

పానగల్ ముచ్చట్లు: ఎడిటర్. ట్వెంటీ ట్వెంటీ-ఫైవ్.

దేవరకొండ తమ్ముడు: అది బ్లాక్ థీమ్, పేజీలన్నీ బ్లాకులనే ముక్కలతో కట్టేది. అందులో ఆర్కైవ్.హెచ్‌టీఎంఎల్ ముందే ఉంది, అదే పేరుతో నువ్వు పెట్టిన పీహెచ్‌పీ ఫైల్‌ను అది పక్కకు నెట్టేస్తది. రీడింగ్‌లో మార్చింది ఫీడ్‌కే (రీడర్ యాప్‌లకు పోయే వ్యాసాల జాబితా) గానీ పేజీకి కాదు. ఎడిటర్‌లో టెంప్లేట్స్‌కు (పేజీల అచ్చులు) పోయి ఆల్ ఆర్కైవ్స్ తెరువు. క్వెరీ లూప్ (వ్యాసాలను వరసగా చూపే బ్లాక్) లోపల కంటెంట్ బ్లాక్ తీసేసి ఎక్సర్ప్ట్ బ్లాక్ పెట్టు. అది మామూలుగా 55 మాటలు చూపిస్తది, మన మాటలు పొడుగు కదా, ఫోన్‌లో తెర సగం నిండుతది, 15కు తగ్గించు. గుళ్లకు ఒక్కదానికే కావాలంటే యాడ్ టెంప్లేట్‌లో ఆ కేటగిరీని ఎంచుకో.

మూసీ ఒడ్డు: చైల్డ్ థీమ్ (మన మార్పులు విడిగా ఉంచే పిల్ల థీమ్) లేకుండా థీమ్ మార్చొద్దు. అప్‌డేట్ వస్తే అంతా పోతది.

దేవరకొండ తమ్ముడు: మార్చేది థీమ్ కాదన్నా, టెంప్లేట్. ఎడిటర్‌లో సేవ్ చేసింది డేటాబేస్‌లో ఉంటది, అప్‌డేట్ దాని జోలికి రాదు.

మూసీ ఒడ్డు: టెంప్లేట్ థీమ్‌లో భాగమే కదా. ఫోల్డర్‌లో వేసిన ఫైల్ పోతదా, పోదా?

దేవరకొండ తమ్ముడు: ఆ ఫైల్ పోతది. ఇప్పుడు దాంతో పని లేదంటున్నా.

మూసీ ఒడ్డు: అదే చెప్పిన నేను.

పానగల్ ముచ్చట్లు: వచ్చింది, థాంక్స్ తమ్మీ. ఇంకొకటి, శీర్షిక రెండు లైన్లయితే 'శ్వ' కింద వత్తు కింది లైన్‌లో అక్షరం మీది గుడి గుర్తుకు తగులుతోంది, అదెట్లా?

పాలమూరు సార్: లైన్ హైట్ 1.5 పెట్టండి. స్లగ్ మార్చారా?