రిటైర్మెంటు డబ్బుతో అద్దె ఇల్లు కొనొచ్చా? నెల్లూరు వాళ్లు చెప్పండి

లెక్కల మాస్టారు, వేదాయపాళెం:
ఈమధ్యే రిటైరయ్యాను. 62 నిండాయి. అన్నీ కలిపి చేతికి 40 లక్షలు వచ్చాయి. ధనలక్ష్మీపురంలో ఒక ఇల్లు బేరానికుంది. పద్దెనిమిది అంకణాలు, అంటే 144 గజాలు. కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్. 38 లక్షలకు తెగేలా ఉంది. కింద వాళ్లు 6,500, పైన వాళ్లు 6,000 ఇస్తున్నారు. మా బావమరిది ‘కళ్లు మూసుకుని కొనెయ్ బావా’ అంటాడు. మా అమ్మాయేమో ‘పోస్టాఫీసులో వెయ్యి నాన్నా’ అంటుంది. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. కూడికలు, తీసివేతలు నాకు వచ్చు. వాటిలో దొరకనివి మీరు చెప్పండి.

పొగతోట పిల్లోడు:
మాస్టారూ, ముందు ఆ బావమరిదిని కళ్లు తెరవమనండి. స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి 7.5 శాతం. 38 లక్షల మీద 2.85 లక్షలు. ఇల్లు మీకు 40.85 పడుతుంది, ఉన్న డబ్బు అక్కడికే చాలదు. అద్దె ఏడాదికి లక్షన్నర, నూటికి 3.67. అదీ రెండు పోర్షన్లూ పన్నెండు నెలలూ నిండి ఉంటేనే. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో ఒకరి పేర 30 లక్షల దాకా వెయ్యొచ్చు, ఇప్పుడు వడ్డీ 8.2 శాతం. మూడు నెలలకోసారి 61,500 అకౌంట్లో పడుతుంది, నెలకు 20,500 లెక్క. ఇంకో పది లక్షలు చేతిలోనే ఉంటాయి. ఇందులో చర్చేముంది?

హరనాథపురం అన్న:
ఏంది తమ్ముడా, అప్పుడే తీర్పు చెప్పేశావా? 2009లో నేను 12 లక్షలకు కొన్న ఇల్లు ఇప్పుడు 42కి అడుగుతుండారు. అద్దె అప్పుడు 2,500, ఇప్పుడు 8,500. నీ స్కీములో 30 వేస్తే అయిదేళ్లకు ఆ 30 లక్షలే చేతిలో పెడతారు. అప్పటికి బియ్యం బస్తా రేటు ఎట్టుంటాదో చెప్పు. పైగా అద్దెలో 30 శాతం మరమ్మతుల కింద తీసేసి మిగతాదానికే పన్ను లెక్కేస్తారు. వడ్డీకి ఆ సౌకర్యం యాడుంది?

పొగతోట పిల్లోడు:
అన్నా, పన్ను మాట వదిలెయ్యండి. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల లోపు ఆదాయానికి కట్టేది సున్నా. పింఛనూ వడ్డీ కలిపినా మాస్టారు అంత దాటరనుకుంటా. ఇక మీ ఇల్లు. పదహారేళ్లలో మూడున్నర రెట్లు, ఏటా ఎనిమిది శాతం చిల్లర. బాగానే పెరిగింది, కాదనను. కానీ అమ్మితేనే గదా ఆ 42 చేతికొచ్చేది. ఈ వయసులో ఆస్పత్రి ఖర్చొస్తే గోడలో ఇటుకలు ఊడబెరికి అమ్ముకుంటారా?

రాంమూర్తినగర్ అక్క:
మీ ఇద్దరి శాతాలు పక్కన పెట్టండయ్యా. మా ఆయన పోయాక మూడు పోర్షన్లు నేనే చూసుకుంటున్నా. పోయినేడు పైన బాత్రూంలోంచి కింద వంటింటి స్లాబులోకి నీళ్లు దిగినాయి. ముందు తేమ మచ్చ, తర్వాత పెచ్చులు, ఆ తర్వాత చుక్కలు. కిందున్న అమ్మాయి పొయ్యి పక్కన చుక్క పడేచోట పాలగిన్నె పెట్టుకుని వంట చేసుకునేది. పైన వాళ్లేమో ‘మేము కాపురం ఉండగా ఎట్ట పగలగొడతారు’ అని నెల రోజులు సాగదీశారు. తీరా మేస్త్రీ టైల్సు ఊడదీసి చూస్తే పైపు జాయింటు వదిలింది, అంతే. నాకు 38 వేలు వదిలింది. కింద వాళ్లు రెండు నెలలు అద్దె ఇవ్వలా, అడగడానికి నాకూ మొహం చెల్లలా. మాస్టారూ, ఆ ఇల్లు మళ్లీ చూడ్డానికి పోతే కొత్తగా రంగేసిన చోట గోడకు చెయ్యి ఆనించి చూడండి. పోర్షన్‌కొక కరెంటు మీటరు ఉందో లేదో కూడా చూడండి. ఒక్క మీటరు మీద రెండు సంసారాలు నడిస్తే యూనిట్లు పెరిగి ఎక్కువ రేటులోకి ఎక్కుతాయి, ఆ బిల్లు పంచేటప్పుడు ఇద్దరికీ మీరే చెడ్డ. మోటారు ఎవరి మీటరు మీద ఉందనేది ఇంకో రామాయణం.

ఒంగోలు గిత్త:
మా ఊళ్లో టులెట్ బోర్డు చూసి వచ్చినవాళ్లు గది చూడకముందే నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయని అడుగుతారు. సంపు పెద్దదైతే అద్దె వంద రూపాయలు ఎక్కువ చెప్పినా దిగుతారు. ధనలక్ష్మీపురంలో బోరు నీళ్లు ఎలా ఉంటాయి, ఎవరైనా చెప్పండి.

పెన్న గట్టు:
నీళ్లు లేకపోవడం ఒక బాధ, రావడం ఇంకో బాధ. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. వెంకటేశ్వరపురంలో మా చిన్నాయన అద్దె ఇంట్లో కిటికీ కింద దాకా బురద గీత పడింది. అద్దెకున్నవాళ్లు సామాను ఆటోలో వేసుకుని పోయారు, అడ్వాన్సు తిరిగిచ్చి పంపాల్సొచ్చింది. మాస్టారు చూసే ఇల్లు అటు కాదు, సరే. అయినా వీధిలో పాతవాళ్లని వానాకాలం సంగతి అడగండి, అమ్మేవాణ్ణి అడగొద్దు.

దస్తావేజుల బాబాయి:
అద్దె ఎంతొస్తుందో లెక్కేసేముందు కాగితాలు చూడండి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, ముప్పై ఏళ్లది తీయించండి. లింకు డాక్యుమెంట్లు, అంటే పాత అమ్మకాల దస్తావేజులు, ఒరిజినల్స్ అడగండి, జిరాక్సులు చూసి తలూపొద్దు. సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషను నిషేధించిన భూముల్లో, ఉందేమో చూసుకోండి. చెరువు పోరంబోకైతే అది సర్కారుదే, సర్కారు పేదలకిచ్చిన అసైన్‌మెంటు భూమైతే 1977 చట్టం మెడకు చుట్టుకుంటుంది. పై పోర్షన్‌కు ప్లాను అనుమతి ఉందా? చాలామంది కింది ఇంటికే తీసుకుని పైన ఊరికే లేపేస్తారు.

కావలి కాంట్రాక్టరు:
ఎవరూ అడగలేదు గాబట్టి అడుగుతున్నా. మాస్టారూ, వేదాయపాళెంలో మీరుండేది సొంతిల్లేనా? పైన ఖాళీనా?

లెక్కల మాస్టారు:
సొంతిల్లే. 1996లో కట్టాం. పైన మిద్దె ఖాళీ, మా ఆవిడ వడియాలు పెడుతుంది.

కావలి కాంట్రాక్టరు:
అయితే ఊరవతల స్థలానికి డబ్బు పొయ్యడమెందుకు? పైన వెయ్యి చదరపడుగులు, అడుగుకు 1,800 చొప్పున 18 లక్షలు అనుకోండి. వేదాయపాళెంలో 9,000 అద్దె వచ్చినా నూటికి ఆరు. మిగిలిన 22లో పది ఆస్పత్రికి పెట్టుకుని 12 స్కీములో వేస్తే నెలకు 8,200. రెండూ కలిపి 17,200. పైపు కారినా పక్క వీధి దాకా పోనక్కర్లేదు. ఒకటే సందేహం, పిల్లర్లు వేశారా?

లెక్కల మాస్టారు:
లేవు. గోడల మీదే స్లాబు.

కావలి కాంట్రాక్టరు:
అలాగైతే స్ట్రక్చరల్ ఇంజనీరు పునాది తవ్వి చూసిందాకా పైన ఒక్క ఇటుక కూడా పెట్టొద్దు. నా మాట విని కూడా పెట్టొద్దు. ప్లాను అప్రూవల్ ఆ తర్వాత సంగతి.

రాంమూర్తినగర్ అక్క:
నెత్తిమీద అద్దెకున్నోళ్లని పెట్టుకుంటే రాత్రి పదకొండుకు రోలు శబ్దం కూడా అద్దెలో భాగమే. మీ ఆవిణ్ణి అడిగారా మాస్టారూ?

లెక్కల మాస్టారు:
అడిగాను. వడియాలు ఎక్కడ పెట్టాలి అంది. ఆదివారం ఇంజనీరు వస్తానన్నాడు. ధనలక్ష్మీపురం వాళ్లకు అడ్వాన్సు ఇవ్వలేదు. అక్క చెప్పినట్టు వెళ్లి చెయ్యి ఆనించి చూశాను, పైన బాత్రూం వెనక గోడ తేమగానే ఉంది. మీటరూ ఒకటే. బావమరిది ఫోను ఎత్తడం లేదు.

హరనాథపురం అన్న:
తేమ చూపించి రెండు లక్షలు తగ్గించమనండి. మీకొద్దనుకుంటే ఇంటాయన నంబరు నాకు మెసేజి పెట్టండి మాస్టారూ.