ఓడ మీదకొస్తుంటే పడవ వదిలి దూకేయాలా?

కళింగపట్నం కుర్రాడు:
నాన్న, బాబాయి చిన్న ఫైబర్ పడవలో వేటకెళ్తారు. గాలి ఉంటే డీజిల్ తగలేయకుండా తెరచాపే ఎత్తుతారు. మొన్న రాత్రి వలేసి కూర్చుంటే ఒక పెద్ద ఓడ సూటిగా వచ్చిందట. టార్చ్ ఎంత ఊపినా తిరగలేదట. అదృష్టం, పక్కనుంచి పోయింది. అప్పట్నుంచీ ఇంట్లో ఇదే గొడవ. ప్రాణం ముఖ్యం, ముందే దూకేయాలంటాడు బాబాయి. పడవ వదిలేదే లేదంటాడు నాన్న. నాకు టెన్షన్. ఎవరిది కరెక్టు?

టెక్కలి అబ్బాయి:
దూకేయడమే బ్రో. అంత ఇనుము ముందు ఫైబర్ ఎంత?

సోంపేట సీమాన్:
దూకమని అంత తేలిగ్గా చెప్పకండి. నేను సరుకు ఓడల్లో బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, లుకౌట్ (ముందు ఏముందో చూసే) డ్యూటీ చేస్తాను.

తమ్ముడూ, 14 నాట్స్‌లో, అంటే గంటకి దాదాపు 26 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఓడ సెకనుకి ఏడు మీటర్లు దాటుతుంది. అర కిలోమీటరులో ఉందంటే మీ చేతిలో ఉన్నది 70 సెకన్లు. తెరచాప మీద 3 నాట్స్‌లో పోయే పడవ ఆలోపు 100 మీటర్లు జరుగుతుంది. 200 మీటర్ల ఓడకి వెడల్పు 32 మీటర్లే ఉంటుంది. దాని దారికి అడ్డంగా, ఒకే పక్కకి పోతే బయటపడొచ్చు. అటా ఇటా అని తిప్పితేనే చిక్కు. గాలి లేకపోతే ఇంజిన్ గానీ తెడ్లు గానీ వేయాలి. అదే లైఫ్ జాకెట్‌తో ఈదితే ఆ టైములో 30 మీటర్లు దాటడమే కష్టం.

పైగా నీళ్లలో తల మాకు కనబడదు. చెక్క, ఫైబర్ రాడార్‌లో సరిగా పడవు. ఓడ ముక్కు ముందు 500 మీటర్లు గానీ, ఓడ పొడవుకి రెండింతలు గానీ, ఏది తక్కువైతే అంత మేర సముద్రం కనబడకపోయినా నిబంధనలు ఒప్పుకుంటాయి. ఓడ అంత దగ్గరికొచ్చాక మీరు టార్చ్ ఊపితే ఏం లాభం?

రాత్రి ఎరుపు, పచ్చ దీపాలు రెండూ కనబడుతూ, పైన రెండు తెల్ల దీపాలు ఒకదాని కింద ఒకటి నిలువుగా ఉంటే ముక్కు మీవైపే ఉన్నట్టు. అప్పుడే కదలాలి.

ముందే దూకారనుకోండి, ఓడ తప్పిపోవచ్చు. పడవేమో గాలికి కొట్టుకుపోతుంది, మీరు నడిసముద్రంలో మిగులుతారు. ఇక తగలడం ఖాయమని తేలాకే, పడవకి ఓడ వస్తున్న వైపు కాకుండా రెండో పక్కనుంచి దూకి దూరంగా ఈదాలి. వెనక ప్రొపెల్లర్ ఉంటుంది, మర్చిపోవద్దు.

చింతపల్లి పెద్దాయన:
వలేసి ఉన్న పడవకి ఓడే దారివ్వాలని రూలుంది బాబూ. ఇవ్వనప్పుడు మనమే తప్పుకోవాలి. వల కట్టి ఉంటే చాప ఎత్తినా పడవ కదలదు. మా పడవలో కత్తి చుక్కాని దగ్గరే దోపి ఉంటుంది. తాడు కోసే ముందు వల వైపు కొసకి ఖాళీ నూనె డబ్బా కట్టేస్తాం, తెల్లారాక వెతుక్కోవచ్చు. కట్టే టైము లేదంటే కోసేయడమే. జాకెట్లు సంచిలో పెట్టకుండా ఒంటి మీద వేసుకోమను. కోస్ట్‌గార్డ్ నంబరు 1554, ఫోన్‌లో వేసుకోమను.

కళింగపట్నం కుర్రాడు:
అందరికీ థాంక్స్. ఇద్దరికీ చదివి వినిపించాను. దూకడం సంగతిలో బాబాయి కాస్త తగ్గాడు. నాన్న మాత్రం "వల డబ్బులు ఆ ఓడోడు ఇస్తాడా?" అంటున్నాడు.