నేపాల్ సేవాయాత్రకు మందులు ఇక్కడ కొనాలా, బీర్‌గంజ్‌లోనా?

విశాఖ నుంచి ఏటా వెళ్లే విద్యార్థి బృందం, ఈసారి 22 మంది. హౌరాలో మిథిలా ఎక్స్‌ప్రెస్ ఎక్కి రక్సౌల్, అక్కడ సరిహద్దు దాటితే బీర్‌గంజ్. పెద్దవాళ్లకు పాస్‌పోర్టో ఓటరు కార్డో చాలు. ఇంటర్ పిల్లలకు ప్రిన్సిపాల్ నిర్ణీత నమూనాలో ఇచ్చే గుర్తింపు పత్రం. ఆధార్‌ను నమ్ముకోవద్దని అందరికీ చెప్పేశాం.

చిక్కంతా మందుల పెట్టెలతోనే. పారాసిటమాల్, ఓఆర్‌ఎస్, నులిపురుగుల మందు ఆల్బెండజోల్ కలిపి 40 కిలోలు. ఒక్కరి పేరున చూపితే సొంత వాడకానికని చెప్పినా కస్టమ్స్ వాళ్లు నమ్మరు. 22 బ్యాగుల్లో సర్దితే బిల్లుకూ సరుకుకూ పొంతన కుదరదు, అది ఇంకా అనుమానం. విరాళం మందులకు నేపాల్ ఔషధ శాఖ అనుమతి ఎన్ని వారాల ముందు అడగాలి? బ్యాచ్ నంబర్లు, గడువు తేదీల జాబితా కాక ఇంకేం జతచేయాలి?

లేదా బీర్‌గంజ్‌లోనే కొనేస్తే? మన 100 రూపాయలకు వాళ్లవి 160, మారకం స్థిరం కాబట్టి లెక్క తేలికే. విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గరి హోల్‌సేల్ ధరతో పోలిస్తే ఎంత తేడా పడుతుందో, అక్కడ కొన్నవారెవరైనా చెప్పగలరా?