విరోధాభాసంలో విరోధం విడిపోయి తీరాలా?

బందరు పాఠకురాలు:
మా అక్క కూతురు ఇంటర్ చదువుతోంది. వాళ్ల నాయనమ్మ పోయాక ఒక చిన్న కవిత రాసి పోటీకి పంపింది. పదకొండో రోజు భోజనాల దగ్గర చుట్టాల రద్దీ గురించి చెబుతూ అందులో "ఖాళీగా కిక్కిరిసిన ఇల్లు" అని రాసింది. న్యాయనిర్ణేత ఆ మాట కింద గీత గీసి, "విరోధం ఉంది, పరిహారం లేదు. ఇది అలంకారం కాదు, దోషం" అని రాసి పంపారు. ఇంగ్లీషు క్లాసులో ఇలా పొసగని రెండు మాటలను పక్కపక్కన పెడితే ఆక్సీమోరాన్ అని మెచ్చుకుంటారు కదా, తెలుగులో రాస్తే తప్పెలా అయిందని పిల్ల అడుగుతోంది. నా వరకు ఆ కవితలో ప్రాణమున్న మాట అదే. అలంకారశాస్త్రం చదివినవాళ్లు చెప్పండి, ఆ తీర్పు సరైనదేనా?

శబ్దమంజరి:
సరైనదేనమ్మా. పిల్లను చిన్నబుచ్చడానికి అనడం లేదు. కువలయానందం అనే అలంకారశాస్త్ర గ్రంథం విరోధాభాస అలంకారానికి చెప్పే లక్షణం ఇది: "ఆభాసత్వే విరోధస్య విరోధాభాస ఇష్యతే." విరోధం పైకి కనిపించాలి, ఆలోచిస్తే తొలగిపోవాలి. ఆ తొలగిపోవడమే పరిహారం. ఉదాహరణ కూడా అక్కడే ఉంది: "వినాపి తన్వి హారేణ వక్షోజౌ తవ హారిణౌ." హారం లేకపోయినా 'హారి'గా ఉన్నాయట! అదెలా కుదురుతుందని ఒక్క క్షణం ఆగిపోతాం. 'హారి' అంటే మనోహరం అని కూడా అర్థం ఉందని తట్టగానే ముడి విడిపోతుంది. చమత్కారమంతా ఆ విడిపోవడంలోనే ఉంది. ముడి వేసి వదిలేస్తే సరిపోయేటట్టయితే ఎవరైనా "తెల్లని నలుపు" అని రాసి కవిత్వం అంటారు. దానికి హద్దేది?

మంజీర తీరం:
మాస్టారూ, మనం రోజూ బహిరంగ రహస్యం అంటాం, జీవచ్ఛవం అంటాం. వాటికి పరిహారం ఎవరడిగారు?

శబ్దమంజరి:
అడగకపోయినా ఉంది. జీవచ్ఛవం అంటే ఒంట్లో ఊపిరి ఉంది, బతుకు మీద ఆశ లేదు. బహిరంగ రహస్యం అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. రెండు మాటలూ రెండు వేర్వేరు వాటి గురించి చెబుతున్నాయి కనుక గొడవ లేదు.

కొత్త కలం:
ఆ లెక్కన ఈ పిల్ల మాటకూ పరిహారం ఉన్నట్టే కదండీ. మనుషులతో కిక్కిరిసింది, ఆ ఒక్క మనిషి లేక ఖాళీ అయింది. కానీ ఆ దారిన వాదించడం నాకిష్టం లేదు. ముడి విడిపోవడమే గొప్ప అన్న మాట దగ్గరే నాకు పేచీ ఉంది.

శ్లేషతో వచ్చే విరోధం ఒకసారి విప్పితే అయిపోతుంది. 'హారి'కి రెండర్థాలని తెలిశాక ఆ పద్యం మళ్లీ చదివితే ఎక్కడా ఆగం. కాళిదాసు కుమారసంభవం అయిదో సర్గలో పార్వతి మాటలు అలా కాదు. వటువు (బ్రహ్మచారి) వేషంలో వచ్చిన శివుడు ఆమె ముందే శివుణ్ణి తిట్టిపోస్తాడు: వాడి పుట్టుక ఎవరికీ తెలియదు, కట్టుకోను బట్ట లేదు అని. ఆమె జవాబు: "అకించనః సన్ ప్రభవః స సంపదాం." చేతిలో ఏమీ లేనివాడు, సంపదలన్నీ పుట్టేది మాత్రం అతని దగ్గరే. మూడు లోకాలకు నాథుడు, తిరిగేది శ్మశానంలో. రూపం భీకరం, పేరు శివుడు. ఇన్ని ముడులు వేసి ఆమె ఒక్కటీ విప్పదు. "న సంతి యాథార్థ్యవిదః పినాకినః", ఆయన్ని ఉన్నదున్నట్టు ఎరిగినవాళ్లే లేరు అంటుంది. నాకు ఆ శ్లోకం బలమంతా ఆ చివరి పాదంలోనే కనిపిస్తుంది.

శబ్దమంజరి:
అక్కడ ఈశ్వరుడి మహిమే పరిహారం. దేవుడి విషయంలో చెల్లింది మనుషుల ఇంటికి చెల్లదు.

ఇంగ్లీషు టీచర్:
ఇంగ్లీషులోనూ ఆక్సీమోరాన్ కనిపించగానే మార్కులేమీ వేసేయరు. షేక్‌స్పియర్ 'రోమియో అండ్ జూలియట్' నాటకం మొదటి దృశ్యంలోనే రోమియో "సీసపు ఈక, వెలిగే పొగ, చల్లని నిప్పు, జబ్బుపడ్డ ఆరోగ్యం" అంటూ వరసపెట్టి దంచుతాడు. అప్పటికి జూలియట్‌ను చూడనే లేదు, ఆ నిట్టూర్పులన్నీ రోజలీన్ అనే ఇంకో అమ్మాయి కోసం. ఆ ప్రేమ పుస్తకాల్లోంచి నేర్చుకున్నదని ఆ మాటల పోగు చూస్తేనే తెలిసిపోతుంది. తర్వాత జూలియట్ వీడ్కోలు వేళ "తీయని దుఃఖం" అని ఒక్క మాట అంటుంది, అది నాలుగు వందల ఏళ్లుగా నిలిచింది. మాస్టారు అడిగిన హద్దు నాకు ఇక్కడ కనిపిస్తోంది. ఆ మాట అనకుండా ఉండలేని స్థితి ఉందా, లేదా?

కొత్త కలం:
టీచర్ గారు చెప్పిన ఆ స్థితి గురించి మన అలంకారశాస్త్రకారుడు దండి ఏడో శతాబ్దం నాటికే చెప్పాడు. తన కావ్యాదర్శం మూడో పరిచ్ఛేదంలో, ముందు వెనకల పొంతన లేని మాటను 'వ్యర్థం' అనే దోషంగా లెక్కగట్టి, వెంటనే మినహాయింపు ఇచ్చాడు: "అస్తి కాచిదవస్థా సా సాభిషంగస్య చేతసః, యస్యాం భవేదభిమతా విరుద్ధార్థాపి భారతీ." ఉద్వేగానికి లోబడిన మనసుకు ఒక స్థితి ఉంటుంది, అప్పుడు విరుద్ధమైన మాట కూడా సమ్మతమే అని. ఉదాహరణలో మనిషి మామూలు మనిషే. పరాయివాడి భార్య మీద కోరిక నాబోటి పెద్దమనిషికి తగునా అంటాడు, అదే ఊపిరిలో ఆమె పెదవి ఎప్పుడు అందుతుందో అంటాడు. అక్కడ దేవుడి మహిమ లేదు, శ్లేష లేదు, పరిహారమూ లేదు. నాయనమ్మ పోయిన పదకొండో రోజు, విస్తళ్ల మధ్య నిలబడి ఉన్న పిల్ల మనసు సాభిషంగం (ఉద్వేగానికి లోబడినది) కాకపోతే ఇంకెవరిది అవుతుంది?

శబ్దమంజరి:
దండి మాట కాదనను. అయితే ఆయన దాన్ని చెప్పింది దోషాల ప్రకరణంలో. ఆ స్థితిలో దోషం దోషం కాకుండా పోతుందన్నాడు, అలంకారమవుతుందని అనలేదు.

కొత్త కలం:
సరేనండీ, న్యాయనిర్ణేత రాసినవాటిలో 'దోషం' అన్నది మీ లెక్కలోనే కొట్టేయాలి. పిల్లను బాధపెట్టింది ఆ మాటే. దానికి అలంకారమని పేరు పెట్టాలా వద్దా అన్నది మనం తీరిగ్గా తేల్చుకుందాం. బందరు అక్కగారూ, ఆ లైను కవితలోంచి తీసేయొద్దని మాత్రం పిల్లకు ఈ రోజే చెప్పండి.