గ్రావెల్ సైక్లింగ్‌ని తెలుగులో ఏమనాలి?

సభ్యులకు నమస్కారం. పిల్లల కోసం సైకిల్ చరిత్ర మీద వ్యాసం రాస్తున్నాను. 'గ్రావెల్ సైక్లింగ్', అంటే తారు లేని దారుల్లో సైకిల్ తొక్కడం, దగ్గర కలం ఆగింది. నిఘంటువు చూస్తే గ్రావెల్ అంటే కంకర. కానీ 'కంకర సైక్లింగ్' అంటే మనవాళ్ళకి కళ్ళ ముందు ఏం కనబడుతుంది? కాంట్రాక్టర్ 40 ఎంఎం రాయి పరిచి, రోలర్ తిప్పకుండా వదిలేసిన ఊరి రోడ్డు. దాని మీద ఎవరూ సైకిల్ తొక్కరు. దిగి, పక్క మట్టిలోంచి నడిపించుకుంటూ పోతారు. ఇక ఆంధ్రా పేపర్లలో 'గ్రావెల్ తవ్వకాలు' అంటే కొండలు తవ్వి టిప్పర్లలో తోలే ఎర్రమట్టి. ఈ రెండు అర్థాల్లో ఏదీ కుదరదు.

నా ఉద్దేశంలో ఈ అలవాటు రాయి మీద ప్రేమతో పుట్టలేదు, రోడ్డు వదిలి పోవాలన్న కోరికతో పుట్టింది. 1919 మార్చిలో, 'వేఫేరర్' అన్న కలం పేరుతో రాసే డబ్ల్యూ.ఎం. రాబిన్సన్ స్నేహితులతో కలిసి వేల్స్‌లోని బెర్విన్ కొండలు దాటాడు. మంచు దట్టంగా పడి ఉంది. సైకిళ్ళు మామూలు రోడ్డు సైకిళ్ళే. తొక్కగలిగినంత తొక్కారు, మిగతా దారంతా వాటిని ఈడ్చుకుంటూ నడిచారు. ఆ ప్రయాణం గురించి 'సైక్లింగ్' పత్రికలో రాసి, దానికి 'ఓవర్ ద టాప్' అని పేరు పెట్టాడు. కందకంలోంచి పైకెక్కి శత్రువు మీదికి వెళ్ళే సైనికుల మాట అది. ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి కొన్ని నెలలే అయింది. తనూ ఆ యుద్ధంలో గాయపడి వచ్చినవాడే.

1955లో ఇంగ్లండ్‌లోని లెమ్‌స్టర్ ఊళ్ళో ఒక పబ్బులో కలిసి 'రఫ్ స్టఫ్ ఫెలోషిప్' అనే సైకిల్ సంఘం పెట్టుకున్నవాళ్ళు ఆయన అభిమానులే. రఫ్ స్టఫ్ అని వాళ్ళు పిలుచుకున్నవి గొర్రెల బాటలు, పాత బండి దారులు, కొండ కనుమలు. వాళ్ళ పాత ఫొటోలు చూడండి: వంపు హ్యాండిల్ సైకిల్‌ని భుజానికెత్తుకుని వాగు దాటుతుంటారు. మౌంటెన్ బైక్ అన్నది ఇంకా పుట్టనే లేదు. అందుకే 'డొంకదారి సైక్లింగ్' అందామని ఉంది. మీరేమంటారు?

తణుకు నుంచి:
డొంక అంటే గుంటూరు, కృష్ణా వాళ్ళకి వెంటనే తెలుస్తుందండి. మాకు పుంత. చేల మధ్య రెండు గాడులు, నడుమ గడ్డి. సైకిల్ మీద వెళ్ళేవాడు గాడిలో దిగడు, ఆ గడ్డి మీదుగానే పోతాడు. వానాకాలం వస్తే అదీ ఉండదు, అంతా బురదే.

సిద్దిపేట నుంచి:
మా దిక్కు బండ్లబాట. దాని మీద మొరం పోస్తే మొరం రోడ్డు. మీరు చెప్పిన ఎర్రమట్టి 'గ్రావెల్' మా మొరమే.

రిటైర్డ్ ఇంజనీరు ఒకరు:
పంచాయతీరాజ్ పనుల్లో ఇప్పటికీ రాసే డబ్ల్యూబీఎం (వాటర్ బౌండ్ మెకాడం) రోడ్డులో ఆ చివరి ఎం మెకాడం, ఆ రోడ్డు పద్ధతి తెచ్చిన స్కాట్లండ్ మనిషి పేరు. కంకర పరిచి, రోలర్ తిప్పి, మొరం చల్లి, నీళ్ళు కొట్టి మళ్ళీ తిప్పుతాం. అప్పటి రోడ్లలో మంచివే అలా ఉండేవి. 1910లో ఫ్రాన్స్ సైకిల్ పందెం టూర్ ద ఫ్రాన్స్ మొదటిసారి 2,115 మీటర్ల టూర్మలే కనుమ ఎక్కినప్పుడు అక్కడ తారు లేదు, రాళ్ళూ మట్టే. నిర్వాహకుల్ని ఆక్టావ్ లాపీజ్ అనే పోటీదారు 'హంతకులు' అని తిట్టింది ఆనాటి పందెంలోనే. ఆ రోజు గెలిచిందీ ఆయనే. అప్పట్లో అందరిదీ మట్టి సైక్లింగే కాబట్టి దానికి వేరే పేరు అక్కర్లేకపోయింది. తారు వచ్చాకే మిగిలిన దారులకు పేరు కావలసి వచ్చింది. మీ వ్యాసంలో ఈ ముక్క తప్పకుండా రాయండి.

కాన్సాస్, ఓవర్‌ల్యాండ్ పార్క్ నుంచి:
నేను ఒప్పుకోనండి. 'గ్రావెల్' అన్న పేరు బాగా వాడుకలోకి వచ్చింది అమెరికా పోటీలతోనే. మాకు దగ్గర్లోని ఎంపోరియాలో 2006లో మొదలైన 200 మైళ్ళ పందెం వాటిలో పెద్దది, ఇప్పుడు దాని పేరు అన్‌బౌండ్. అది జరిగేది డొంకల్లో కాదు. ఇవి కౌంటీ వాళ్ళు కొలిచి వేసిన రోడ్లు, కార్లూ ట్రాక్టర్లూ తిరుగుతాయి, తారు వేయలేదంతే. ఆ కొండలకి ఫ్లింట్ హిల్స్ అని పేరు. ఫ్లింట్ అంటే మన చెకుముకి రాయి. దాని అంచు బ్లేడులా ఉంటుంది, టైరు పక్కభాగాన్ని నిలువునా కోసేస్తుంది. ఆ పందెంలో సగం టెన్షన్ ఆ రాయి గురించే. రాయిని పేరులోంచి ఎలా తీసేస్తారు?

అడిగిన సభ్యుడు:
అలాగైతే రెండిటికీ ఒకే మాట పెట్టను. వేల్స్ భాగానికి డొంకదారి అని రాసి, పుంత, బండ్లబాట కూడా చెబుతాను. కాన్సాస్ భాగంలో గ్రావెల్ అనే ఉంచి చెకుముకి రాయి సంగతి రాస్తాను. ఇంకొక్క సాయం కావాలి. సైకిల్ తొక్కకుండా, పట్టుకుని నడిపించుకుంటూ పోవడానికి మీ ఊళ్ళో ఒక్క మాట ఏదైనా ఉంటే చెప్పండి. వేఫేరర్ కథలో అది పదే పదే వస్తోంది.